ఒక్కదానికైతే సరే

కెనడాలోని సార్నియాలో ఆ బేస్‌మెంటుకు ఫైర్ వాళ్లు వచ్చి తాళం వేశారు. కిటికీ లేని చోట ఎనిమిది మంది ఆడపిల్లలు పడుకుంటున్నారని ఎవరో ఫిర్యాదు చేశారట. నెలనెలా అద్దె వసూలు చేసుకున్న ఇంటాయన ఫోను ఎత్తలేదు. తాళం వేసినవాళ్లు, మరి మీరెక్కడ పడుకుంటారని అడగలేదు. అది వాళ్ల డిపార్ట్‌మెంటు కాదు.

మిగతా పిల్లలు తెలిసినవాళ్ల ఇళ్లలో సర్దుకున్నారు. ఎవరూ తెలియనివాళ్లు ఇద్దరు మిగిలారు. ఒంగోలు ఝాన్సీలక్ష్మి, జమ్మికుంట రిషిత. కాలేజీలో ఒకే క్లాసు, బేస్‌మెంటులో ఒకే పరుపు. "రెండు రాత్రులన్న మనుషుల లెక్క పండుకుందామే, తర్వాత సంగతి తర్వాత" అని రిషితే హ్యూరన్ సరస్సు ఒడ్డున సొంతింట్లోనే గదీ పొద్దున టిఫినూ ఇచ్చే ఓ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ బుక్ చేసింది.

ఆ ఇంటావిడ పేరు గ్వెన్. వేల్స్‌లో సముద్రం పక్కన పుట్టి, పెళ్లయి ఇటు వచ్చి, ఈ సరస్సునే సముద్రమనుకుని బతుకుతున్న మనిషి. తడిసిన బూట్లు తనే అందుకుని హీటర్ పక్కన పెట్టింది. పక్క మీద వేడినీళ్ల సంచి ఉంచింది. శనివారం గుడ్డు ముట్టనని రిషిత అంటే, కారణం అడక్కుండా బీన్స్ వేడి చేసింది. పెనం మీద ఎండుద్రాక్ష రొట్టెలు కాల్చి, మా అమ్మ చేసేదంటూ కొసరి కొసరి వడ్డించింది. కెనడాకు వచ్చాక ఝాన్సీని "సరిగ్గా తింటున్నావా" అని అడిగిన మొదటి మనిషి ఆవిడే. అంత ప్రేమ చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఇద్దరూ ఆమెను ఆంటీ అన్నారు, గిన్నెలు కడిగారు.

"చలికాలం గెస్టులు రారట. ఈ రూము ఊకెనే ఉంటది. అడుగవే" అంది రిషిత.

"నువ్వే అడగొచ్చుగా."

"నేనడిగితే కొట్లాటకు వచ్చినట్టుంటది. నీది మెత్తటి గొంతు. దానితోటి మొగుడు దొరకకున్నా రూమన్న దొరకాలె."

ఆదివారం పొద్దున ఝాన్సీ వంటింట్లోకి వెళ్లి, ప్లేట్లు తుడుస్తూ అడిగింది. "ఆంటీ, ఏప్రిల్ దాకా ఆ గది మాకు అద్దెకిస్తారా?"

గ్వెన్ చెయ్యి ఆగింది. "మాకు అంటే?"

"నాకూ రిషితకూ."

గ్వెన్ ఆమెను కూర్చోబెట్టి టీ పోసింది. "ఏమీ అనుకోకమ్మా. వెనక వీధిలో ఒకతను ఒక్క కుర్రాడికని ఇల్లిచ్చాడు. నెల తిరిగేసరికి తొమ్మిది మంది. అందరూ భయపడుతున్నారు. నీ ఒక్కదానికైతే సరే. ఈరోజు నుంచే ఉండు."

ఆ తొమ్మిది మందిలో ఇద్దరు ఝాన్సీ క్లాసువాళ్లే. అబద్ధమనడానికి లేదు.

"మొన్నటి నుంచి ఇద్దరం ఆ మంచం మీదే పడుకున్నాం కదా ఆంటీ?"

"అప్పుడు మీరు గెస్టులు" అంది గ్వెన్, ఎంతో ప్రేమగా. "గెస్టులు వెళ్లిపోతారు."

వెళ్లిపోతారని తెలిస్తే ఎవరైనా దుప్పటి కప్పుతారు. ఆవిడ చెడ్డదై ఉంటే ఝాన్సీకి సులువయ్యేది. తిట్టి బయటికి నడిచేది. రిషితను అడిగి చెప్తాననాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ బయటికొచ్చింది "సరే ఆంటీ." గది తాళంచెవి చేతిలో పడింది.

పైన రిషిత తన బట్టలన్నీ అల్మారాలో ఓ పక్కకు జరిపి, రెండో సగం ఖాళీ ఉంచింది.

"ఒక్కదానికే ఇస్తానంది" అంది ఝాన్సీ.

"నువ్వేమన్నవ్?"

ఝాన్సీ తాళంచెవిని గుప్పిట్లో బిగించింది. రిషిత ఆమె మూసిన గుప్పిట వైపు చూసింది.

"మంచిగ చేసినవ్. నేనైనా గదే చేద్దును."

చేసేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. రిషిత బట్టలు తీసి బ్యాగులో కుక్కడం మొదలుపెట్టింది.

"కొన్నాళ్లాగి మళ్లీ అడుగుతాలే."

"అడగకు. ఉన్నది గూడ పోతది."

కింద గ్వెన్ కోటు తొడుక్కుని, దారిలో తినమని రొట్టెల పొట్లం కట్టి సిద్ధంగా ఉంది. "ఈ చలిలో నడుస్తావా? బస్సులు కూడా ఉండవు. నేను కారులో దింపుతాను" అని రిషిత భుజం నిమిరింది. "చెప్పమ్మా, ఎక్కడ దింపమంటావు?"

రిషిత ఫోను తీసింది. అడ్రసు వెతుకుతున్నట్టు వేలితో పైకీ కిందికీ జరిపింది. గ్వెన్ ఓపిగ్గా నిలబడింది. ఏదో ఒక చోటు పేరు చెబితే బాగుండునని మెట్ల మీద ఝాన్సీ కూడా ఎదురుచూస్తూ నిలబడింది.