లైల్ తూటాలు

"ఇంకా కాలేదా?" అని లైల్ తలుపు అవతల నుంచే అడిగాడు. లోపలికి రాడు. ఆ పొగ అతనికి పడదు.

నేను బట్టలు ఉతికే గదిలో, వాషింగ్ మెషీన్ పక్కన వేసిన బల్ల ముందు నిలబడి, కరిగిన సీసం మీద తేలిన తెట్టును గరిటెతో తీస్తున్నాను. కాస్త మైనం ముక్క వేసి కలిపితే మట్టీ మసీ పైకి తేలిపోయి కింద సీసం అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు వచ్చేదాకా తొందరపడకూడదు. మూస కూడా వేడెక్కాలి. చల్లటి మూసలో పోస్తే గుండు ముడతలు పడుతుంది, ముడత పడ్డ గుండు సూటిగా పోదు. అలాంటివి ఏరి మళ్ళీ కుండలో పడేస్తాను. "ఇంకాసేపు పడుతుంది" అన్నాను. "కాఫీ లేదా మరి?" అన్నాడు. కాఫీ ఫ్లాస్కులో ఉంది, ఫ్లాస్కు వంటింటి బల్ల మీద ఉంది. ఆ మాట నేనూ తలుపు ఇవతల నుంచే చెప్పాను.

బిటర్‌రూట్ లోయలో రివాల్వర్ పట్టిన ప్రతివాడికీ లైల్ తూటాలు తెలుసు. కొట్లో కొన్నవి కావని, లైల్ స్వయంగా సీసం కరిగించి, గుండ్లు పోసి, ఒక్కొక్క ఇత్తడి తొడుగులో మందు కూరి తయారు చేస్తాడని చెప్పుకుంటారు. మా ముందుగదిలో గోడంతా కాల్పుల పోటీల్లో అతను గెలిచిన ఫలకాలే. వాటి దుమ్ము తుడిచేది కూడా నేనే కాబట్టి ఏది ఏ ఏడాదిదో నాకు కంఠతా వచ్చు. ఎవరైనా అతని భుజం తట్టి "ఏం కలుపుతావయ్యా ఆ సీసంలో?" అని అడిగితే లైల్ కన్ను గీటి, "అది మా ఇంటి రహస్యం" అంటాడు. అబద్ధం ఆడడు. నిజమూ చెప్పడు. అలా మధ్యలో నిలబడడం అతనికి బాగా అలవాటు.

పెళ్ళయిన మొదటి శీతాకాలం పోత మొదలుపెట్టింది లైలే. తడి గరిటె తెచ్చి కరిగిన సీసంలో ముంచాడు. నీటి చుక్క తగిలితే సీసం ఎలా ఎగిసిపడుతుందో అప్పటికి మా ఇద్దరికీ తెలియదు. మోచేతి దాకా కాలింది. నేను కట్టు కట్టాను. పోటీ దగ్గరపడింది కదా అని, కుండలో మిగిలిన సీసం నేనే పోసి చూశాను. గుండ్లు చక్కగా వచ్చాయి. "నీ చెయ్యి కేకు మీద క్రీము పూసే చెయ్యి నెడ్రా, నాకంత నిదానం ఎక్కడిది?" అన్నాడు. ఆ మాట పొగడ్త అనుకున్నాను. మా అత్తగారు ఆర్డిత్ కూడా ఆ పూట అక్కడే ఉన్నారు. "మగాడికి చేతకాని పనంటూ ఉండదమ్మాయ్. ఓపిక లేని పని ఉంటుందంతే. ఆ ఓపిక ఇంట్లో ఆడది పెట్టుకోవాలి" అన్నారు. అప్పటి నుంచి ఆ ఓపిక నేను పెట్టుకున్నాను. కారు షెడ్డులో చెయ్యొచ్చు కదా అని ఒకసారి అడిగాను. అక్కడ అతను ఎప్పటికైనా బాగుచేయాలనుకున్న పాత ట్రక్కు ఉంది. ఈ చలిలో షెడ్డు తలుపు తెరుస్తారా ఎవరైనా అన్నాడు. అందుకని ఈ గది. దీనికి ఒకటే కిటికీ. చలిగాలి రాకుండా దానికి లైల్ ఎప్పుడో మేకులు కొట్టేశాడు.

నేను టైర్ల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తాను. చక్రాలు సరితూగడానికి తగిలించే సీసం ముక్కలు పాతవైతే షాపు యజమాని ఓర్విల్ ఒక బకెట్‌లో పోగేస్తాడు. బకెట్ నిండగానే నా కాళ్ళ దగ్గర దబ్బున పెట్టి, "ఇది లైల్‌కి. వాడికి నా తరఫున చెప్పు" అంటాడు. నాకు కాదు, లైల్‌కి. దాన్ని రెండు చేతులా పట్టుకుని కారు దాకా ఈడ్చుకుపోయేది మాత్రం నేను. ఓర్విల్ తలుపు తెరిచి పట్టుకుంటాడు. మర్యాదస్తుడు.

ఇదంతా విని నేను ఏడుస్తూ చేశాననుకుంటారేమో. లేదు. ఆ పని నాకు ఇష్టం. ఇంట్లో మరే పని చేస్తున్నా పక్కనుంచి ఎవరో ఏదో అడుగుతూనే ఉంటారు, సాక్స్ ఎక్కడ, ఉప్పు ఎక్కువైందేం, అమ్మకి ఫోన్ చేశావా. సీసం కరుగుతుంటే మాత్రం ఎవరూ లోపలికి రారు. మూస తెరిచినప్పుడు వెచ్చటి గుండు మడిచిపెట్టిన తువ్వాలు మీదికి మెత్తగా దొర్లుతుంది. వెండిలా ఉంటుంది. గుండ్లన్నీ చల్లారాక ఇత్తడి తొడుగుల్ని వరసగా నిలబెట్టి, మందు పోసి, దీపం వంచి ఒక్కొక్క దాని లోపలికి తొంగిచూస్తాను. మందు తక్కువైతే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది, ఎక్కువైతే రివాల్వరే పగులుతుంది. అతని వేళ్ళు, అతని కళ్ళు నా చూపు మీద ఆధారపడి ఉన్నాయని తెలిసి, చూసిందే మళ్ళీ చూసేదాన్ని. అది ప్రేమేనని అనుకునేదాన్ని. బహుశా ప్రేమే. లైల్ కూడా చెడ్డవాడేం కాదు. మంచు పడ్డ పొద్దుల్లో నాకంటే ముందు లేచి నా కారు అద్దం గీకి, ఇంజను వేడిచేసి పెట్టేవాడు.

ఒక్కసారి మిస్సూలాలో పోటీ మధ్యలో ఒక తూటా పేలలేదు. లైల్ రివాల్వర్ దించి వెనక్కి తిరిగి, అందరికీ వినబడేట్టు, "మా ఆవిడ కూర్చింది లెండి, ఏం చేస్తాం" అన్నాడు. నవ్వారు. నేనూ నవ్వాను. వంటకాల బల్ల దగ్గర బంగాళాదుంపల సలాడ్ మూత తీస్తూ నిలబడ్డాను, ఎలా నవ్వకుండా ఉంటాను? ఇంటికొచ్చే దారిలో మాత్రం, పైన్ చెట్లు వెనక్కి పోతుంటే, ఒక ఆలోచన వచ్చి కూర్చుంది. గెలిచిన తూటాలన్నీ అతనివి. పేలనిది ఒక్కటే నాది.

కిందటేడు నుంచి నాకు ఒంట్లో బాగుండేది కాదు. తలనొప్పి, కీళ్ళ నొప్పులు, కడుపులో పట్టేసినట్టు, నోట్లో ఎప్పుడూ నాణెం పెట్టుకున్న రుచి. షాపులో తెలిసినవాళ్ళ పేర్లు మరిచిపోయేదాన్ని. "ఆ వయసు అలాంటిది" అన్నారు ఆర్డిత్. "ఈమధ్య నీకు కోపం ఎక్కువైంది" అన్నాడు లైల్. నాకు వచ్చిన జబ్బులో వాళ్ళు పట్టుకున్నది అదొక్కటే.

ఈ వసంతంలో జిల్లా ఆరోగ్య శాఖ వాళ్ళు లైల్ కాల్చడానికి వెళ్ళే తుపాకి క్లబ్బుకి ఒక వ్యాను పంపారు. నాలుగు గోడల మధ్య కాల్చేవాళ్ళకి సీసం ఒంట్లోకి వెళ్తుందని, రక్తం పరీక్ష ఉచితంగా చేస్తామని వచ్చారు. మగవాళ్ళంతా వరస కట్టి హాస్యాలాడుతున్నారు. "లైల్ రక్తం కరిగిస్తే ఒక పెట్టె తూటాలొస్తాయి" అన్నారెవరో. లైల్ చొక్కా చెయ్యి మడిచి అందరికంటే గర్వంగా చాపాడు. నేను వేరే పని మీద వ్యాను పక్కనుంచి పోతున్నాను. నర్సు మార్వా అని, నా ఈడు మనిషి, "మీరూ రండమ్మా, ఖాళీగానే ఉన్నాను" అంది. నాకోసం ఎవరో ఖాళీగా ఉన్నారంటే కాదనబుద్ధి కాలేదు.

కొన్నాళ్ళకి ఆమె మా ఇంటికి వచ్చింది. ఫోన్‌లో చెప్పే మాట కాదని వచ్చానంది. వంటింట్లో కూర్చుంది. లైల్ ఎదురుగా కుర్చీ లాక్కుని, "ఎంతుంది చెప్పండి, నేను తట్టుకుంటాను" అన్నాడు.

"మీకేం లేదండీ. మామూలుగానే ఉంది" అంది మార్వా. "నేనొచ్చింది మీ ఆవిడ కోసం."

నా రక్తంలో సీసం ఇంత ఉంటే మనిషి నడుస్తూ తిరగడమే ఆశ్చర్యం అంది. లైల్ నవ్వేశాడు. రక్తం పట్టిన సీసాలు మారిపోయి ఉంటాయన్నాడు. ఈవిడ తుపాకి ముట్టుకోనే ముట్టుకోదన్నాడు. అది నిజమే. మార్వా అతనితో వాదించకుండా, మళ్ళీ పరీక్ష చేద్దాం గానీ, ముందు ఇంట్లో సీసం కరిగించేది ఎవరో చెప్పమంది.

"నేనే" అన్నాడు లైల్. కావాలని అబద్ధం ఆడాడని నేననుకోను. అన్నేళ్ళ అలవాటు. ఎవరైనా అడగ్గానే నోటికి వచ్చేసే మాట.

మార్వా అతని చేతుల వంక చూసింది. తర్వాత నా చేతుల వంక చూసింది. నా మణికట్ల మీద బియ్యపు గింజలంత మచ్చలుంటాయి, సీసం చిందినవి. ఆమె కాఫీ కప్పు పక్కకి జరిపి, నేను మాట్లాడతానేమోనని ఆగింది.

"పోత పోసేది నేను" అన్నాను. "మొదటి నుంచీ నేనే."

లైల్ కిటికీలోంచి షెడ్డు వైపు చూడసాగాడు. మార్వా నన్ను ఇంకా చాలా అడిగింది. ఎక్కడ కరిగిస్తాను, కిటికీ తెరుచుకుంటుందా, ఆ చేతులతోనే తింటానా, బట్టలు ఎక్కడ ఉతుకుతాను. చివరికి, గొంతు తగ్గించి, కడుపులు ఏమైనా పోయాయా అని అడిగింది. మా అమ్మాయి ట్రూడీ పుట్టకముందు ఇద్దరు నిలవలేదు. ఆర్డిత్ అప్పుడు "కొందరి ఒళ్ళు అంతే, బిడ్డని పట్టుకోలేవు" అన్నారు. నా ఒంటిని నేను ఆ మాటతోనే చూసుకుంటూ వచ్చాను, అన్నేళ్ళూ. మార్వాకి చెప్పాను.

"దానివల్లే అని ఇప్పుడు ఎవరూ చెప్పలేరమ్మా" అంది. "కాదని కూడా చెప్పలేరు."

ఇకపైన ముట్టుకోవద్దని, ఆ గది కడిగించమని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె కారు మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలో నిలబడ్డాను. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. లోపల ఎక్కడో ఒక బరువు తన చోటు మారినట్టయింది. ఆ ఇద్దరూ నా చేతకానితనం వల్ల పోయారనే మాట ఒకటి నాలో ఉండేది. దాన్ని మొయ్యకపోయినా పరవాలేదని నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి ఎవరికీ తెలియదు. నేను లోపలికి వచ్చేసరికి లైల్ అదే కుర్చీలో ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. నిజంగానే భయపడ్డాడు. లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. నేను ఎదురుచూశాను. ఒక్క మాట చాలు అనుకున్నాను, అది ఏ మాటో నాకూ తెలియదు.

"మరి రాష్ట్ర పోటీలకి తూటాలెలా?" అన్నాడు.

ఆ మాట తప్పని అతనికి వెంటనే తెలిసింది. "అంటే, నీ ఆరోగ్యమే ముఖ్యం, అది వేరే సంగతి" అన్నాడు. నేను అతని చెయ్యి తీసి మెల్లిగా బల్ల మీద పెట్టి కప్పులు కడగడానికి వెళ్ళాను.

గదిని కడిగించాం. కుండ, మూస, గరిటె అన్నీ అతనే షెడ్డులోకి మార్చాడు. ఒక శనివారం గుండ్లు పొయ్యడానికి కూర్చున్నాడు కూడా. అన్నీ ముడతలే. మధ్యాహ్నానికి విసుగెత్తి లేచిపోయాడు. నేను కూర్చినవి ఒక్క పెట్టె మిగిలింది. దాన్ని అల్మారాలో పైఅరలో పెట్టి, రాష్ట్ర పోటీల దాకా ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. వేసవి అంతా నేను మార్వా చెప్పిన మందులు మింగుతూ, వెళ్ళినప్పుడల్లా రక్తం ఇస్తూ ఉన్నాను. నోట్లో నాణెం రుచి పోయింది. ఓర్విల్ మళ్ళీ బకెట్ తెచ్చి కాళ్ళ దగ్గర పెడితే, "లైల్‌ని వచ్చి తీసుకెళ్ళమను" అన్నాను. అతను బకెట్‌నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

పోటీలకి ముందు వారంలో ఒక మంగళవారం పొద్దున, షాపుకి సెలవు చెప్పి, అల్మారా తెరిచి ఆ పెట్టె, రివాల్వర్ తీసుకున్నాను. మా పక్కింటావిడ చూసుంటే ఏమనుకునేదో గానీ, నా మనసులో మాత్రం ఎవరి మీదా ఏ చెడ్డ ఆలోచనా లేదు. క్లబ్బు మైదానంలో కాపలా చూసే వెండెల్ ఒక్కడే ఉన్నాడు. లైల్ రాలేదా అన్నాడు. రాలేదన్నాను. చెవులకి పెట్టుకునేవి ఇచ్చి, ఎలా నిలబడాలో, చెయ్యి ఎక్కడ ఉండాలో చూపించాడు. పెట్టె మూత తెరిచి, "ఓహో, లైల్ తూటాలు" అన్నాడు.

"నావి" అన్నాను.

వెండెల్ తల పైకెత్తి చూసి, సరేనన్నట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు.

మొదటి దెబ్బకి భుజం దాకా అదిరింది. రెండోది ఎటో పోయింది. ఆ తర్వాత నిదానం కుదిరింది. ఎదురుగా మట్టిగట్టు, దాని వెనక కొండల మీద వేసవి పోయినా కరగని మంచు. మీట నొక్కే ముందు ఒక్క క్షణం, దీపం కింద నేను లోపలికి తొంగిచూసిన ఆ తొడుగు గుర్తొచ్చేది. ఇదా, దీనికోసమా నేనంత చూసింది అనుకున్నాను. ఒక్కటి కూడా తప్పకుండా అన్నీ పేలాయి. ఎండ ఎక్కేసరికి పెట్టె ఖాళీ అయింది. వెండెల్ నేను గురిపెట్టిన కాగితం విప్పి తెచ్చి ఇచ్చాడు. గొప్పగా ఏం లేదు. కానీ కొన్ని చిల్లులు మధ్యకి దగ్గరగానే ఉన్నాయి. చేతులు సబ్బుతో కడుక్కుని, మార్వా చెప్పినట్టే, గోళ్ళ కింద కూడా రుద్ది, ఇంటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం నేను జింక మాంసం పులుసులోకి కేరట్లు తరుగుతున్నాను. అల్మారా తలుపు తెరుచుకున్న చప్పుడు, అరలు వెతికిన చప్పుడు వినబడ్డాయి. లైల్ వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

"నెడ్రా, పైఅరలో నా తూటాల పెట్టె ఏది?"

"లేదు."

"లేదంటే? ఎవరికిచ్చావు?"

నేను కత్తి పక్కన పెట్టి అతని వైపు తిరిగాను.

"ఎవరికీ ఇవ్వలేదు లైల్. నేనే కాల్చేశాను."