తీసి వేయి

ఆయన పోయాక ఆయన గొంతు మిగిలింది ఒకే ఒక్క వీడియోలో. వంటింటి కుళాయికి వాషరు మారుస్తూ, వీడియో తీస్తున్న కోడలితో "మీ అత్తయ్యని పిలవకమ్మా, ఈ నీళ్లు చూసిందంటే నా పని సరి" అని నవ్వుతాడు. అంతే. మిగతా వీడియోల్లో అందరి వెనకా నిలబడి ఉంటాడు గానీ నోరు విప్పడు.

ఆ వీడియో ఉన్న మెమరీ కార్డును అత్తగారు చేతిసంచీ లోపలి అరలో పెట్టి, జిప్పు వేసి, జిప్పు మీద చెయ్యి తీయకుండా షాపు దాకా తెచ్చింది. ఇంట్లో పడి ఉన్న వీడియో ముక్కలన్నీ కలిపి ఒక సినిమాలా చేద్దామని కోడలి ఆశ. దానికి లాప్‌టాప్ కావాలి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కావాలి.

"అది కార్డు అత్తయ్యా, కోడిపిల్ల కాదు. సంచీ వదలండి."

"గద్దలుంటాయే అమ్మాయ్" అంది అత్తగారు, షాపాయన వైపు ఓరగా చూస్తూ.

షాపాయన నవ్వి రెండు సాఫ్ట్‌వేర్లు చూపించాడు. మొదటిదాంట్లో వేలు పెట్టే సందు లేకుండా బటన్లు.

"ఇది సినిమావాళ్లు వాడేదమ్మా. దీనికి ఇంకా పెద్ద లాప్‌టాప్ కావాలి. ఇంట్లో పుట్టినరోజు వీడియోల కోసం ఏనుగును కొంటే మేపలేక చస్తారు."

రెండోది చిన్నది. మామూలు లాప్‌టాప్ మీదే నడుస్తుంది. మాటలు తెలుగులో పెట్టుకోవచ్చు.

అత్తగారు తెర మీదకు వంగి పెదాలు కదిపింది. "కత్తి... రించు. కత్తిరించు!" చదువు ఆమెకు ఆలస్యంగా వచ్చింది. ఇప్పటికీ పదాన్ని విరిచి, ముక్కల్ని మళ్లీ అతికించుకుని చదువుతుంది.

"ఇదే ఇవ్వండి" అంది కోడలు.

మర్నాడు పళ్ల డాక్టరు దగ్గర పనికి వెళ్తూ కోడలు లాప్‌టాప్ తెరిచే ఉంచింది. తెర అడుగున వీడియో ముక్కలు రైలు పెట్టెల్లా వరసగా ఉన్నాయి. నడుమ ఉన్న పెట్టె మీద కుళాయి బొమ్మ.

"మామయ్యని చూడాలనిపిస్తే ఆ ముక్క మీద బాణం పెట్టి మౌస్ నొక్కండి. అన్నీ తెలుగే, మీకు భయం లేదు."

ఇల్లు సద్దుమణిగాక అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. మౌస్ ఏ వైపు నొక్కాలో కోడలు చెప్పలేదు. అన్నం తినే చెయ్యే మంచిదనుకుని కుడివైపు నొక్కింది. మాటలు ఒకదాని కింద ఒకటి దిగాయి. కత్తిరించు. అమ్మో, అది వద్దు. నకలు. అదేమిటో. తీసివేయి.

తీసి. వేయి.

పాట వేయి, సినిమా వేయి అంటాం కదా. లోపల దాచింది బయటికి తీసి తెర మీద వేయమంటోంది. ఎంత మంచి బటన్! నొక్కింది. "ఖచ్చితంగా తీసివేయాలా?" అని అడిగింది లాప్‌టాప్. మరి పొద్దున్నే కూర్చుంది దేనికి? అవును.

కుళాయి పెట్టె మాయమైంది. వెనక పెట్టెలు ముందుకు జరిగి ఆ ఖాళీని కూడా మింగేశాయి.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క పెట్టెనీ వెతికింది. లేడు. కోడలికి ఫోన్ చేసింది. పనిలో ఉన్నంతసేపూ కోడలు ఫోన్ ముట్టదు. షాపు సంచీ మీది నంబరు చూసి షాపాయనకు చేసింది.

"ఏం నొక్కారమ్మా?"

"తీసి వేయి."

"ఏం తీశారు? ఎక్కడ వేశారు?"

"నన్ను చంపకు బాబూ! తీసి, వేయి అని ఉంటే నొక్కాను. ఆయన పోయాడు."

"అయ్యో... ఎవరమ్మా పోయింది?"

"పోయి చాలా రోజులైందిలే. ఇప్పుడు మళ్లీ పోయాడు."

సంగతంతా విన్నాక అతను నెమ్మదిగా అన్నాడు. "ఇంకేమీ ముట్టుకోకండి. వీడియో అసలుది ఎక్కడుందో చూడకుండా నేనేమీ చెప్పలేను. పోయిన చోట ఇంకో వీడియో పడిందంటే మాత్రం ఇక దొరకదు."

ఆ మాటతో ఆమె కుర్చీకి అతుక్కుపోయింది. లేస్తే వైరు కదులుతుందేమో. తుమ్మితే ఏదైనా పడుతుందేమో. తెర దానంతటదే నల్లబడేసరికి, ఉన్న ప్రాణం కూడా పోయినట్టు గుండె పట్టుకుంది. మౌస్ కదిపితే వెలుగుతుందని తెలిసినా కదపలేదు. పొయ్యి వెలిగించలేదు. మంచినీళ్లు తాగలేదు.

తలుపు చప్పుడైంది.

"ఏంటత్తయ్యా, చీకట్లో?"

మింగలేక కక్కలేక, చివరికి చెప్పింది. తీసి వేయి అనగానే కోడలు పకపకా నవ్వి, కుర్చీ చేతి మీద కూలబడింది. "వరసలోంచే పోతుంది అత్తయ్యా! అసలుది కార్డులో..."

నవ్వు ఆగిపోయింది.

"ఏమైందే?"

"కార్డు నిన్న ఖాళీ చేశాను. వరసలోకి కొన్ని సరాసరి కార్డు నుంచే లాగాను, అవన్నీ దీంట్లోకి ఎక్కించాననే అనుకున్నా."

"అనుకున్నావా?"

కోడలు లాప్‌టాప్‌లో వీడియోలు ఎక్కించిన అర తెరిచింది. పేర్లు లేవు, అన్నీ అంకెలే. ఒకటి తెరిచింది. ఎవరి పెళ్లో. ఇంకొకటి. వాన. ఇంకొకటి. మేడ మెట్లు, ఎవరూ లేరు. అత్తగారు కోడలి భుజం పట్టుకుంది, అది ఊతమో, ఆపడమో ఇద్దరికీ తెలియలేదు.

నీళ్లు చిమ్మిన చప్పుడు. "మీ అత్తయ్యని పిలవకమ్మా..."

"ఉన్నాడు!" అని కోడలు ఏడ్చేసింది. "చూడండత్తయ్యా, ఉన్నాడు."

ఆయన నవ్వుతున్నాడు. అత్తగారు మాత్రం తెర వైపు తలెత్తలేదు. మౌస్ మీద ఉన్న కోడలి వేలినే, రెప్ప వేయకుండా చూస్తోంది.

"ముందు ఆ వేలు తియ్యవే" అంది.