మూత మీది సంతకం

మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుని గింజల డాక్టరు గొట్టాన్ని మూడోసారి గోధుమల్లోకి దించాడు. ఆరడుగుల ఇత్తడి గొట్టం, పొడవునా చీలికలు. కుడికి తిప్పితే తెరుచుకుని గింజలు లోపలికి జారతాయి, ఎడమకు తిప్పితే మూసుకుంటాయి. ఓడ సరుకుగది ఉక్కపోతతో ఉడికిపోతోంది. అరవైకి దగ్గరపడిన నడుము, వంగినప్పుడల్లా తన ఉనికి చాటుకుంటోంది. వచ్చిన ప్రతి ఓడనూ పొడిచి చూస్తాడని రేవులో వాళ్ళు పెట్టిన పేరు 'గింజల డాక్టరు'. ఇరవయ్యారేళ్ళలో అతను వద్దన్నందుకు ఒక్క ఓడ కూడా వెనక్కి పోలేదు. మందు రాసే అధికారం లేని డాక్టరు.

గొట్టం పైకి లాగి దాని అడుగు కొసను చెంపకు ఆనించుకున్నాడు. వెచ్చగా ఉంది. గింజలు అరచేతిలో ఒంపుకుని వాసన చూశాడు. తడిగోడ వాసన. ఒక గింజ కొరికాడు. మంచి గోధుమ పంటికింద టక్కుమంటుంది, ఇది చప్పుడు లేకుండా నలిగిపోయింది.

"ముక్కిపోయింది," అన్నాడు, వినేవాళ్ళు లేకపోయినా.

పిడికెడు గింజలు రేకుడబ్బాలో పోసి, మూత బిగించి, చుట్టూ కాగితప్పట్టీ అతికించాడు. తగువేదైనా వస్తే చూపడానికి ఇలాంటి డబ్బాను ఆరు నెలలు దాచాలని నియమం. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఆరు నెలలు కాగానే రేవు పావురాలకు పోయడమే. ఇనుప నిచ్చెన ఎక్కుతూ మధ్యలో రెండుసార్లు ఆగాడు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది.

పైన రేవు కచేరీలో కూర్చున్న ఆఫీసరు అతనికంటే పదిహేనేళ్ళు చిన్న. డబ్బా వంక చూడకుండానే కాగితం ముందుకు జరిపాడు. 'సరుకు పత్రంలో ఉన్నట్టే ఉంది' అని ఒక్కటే వాక్యం, కింద సంతకానికి చోటు.

"అడుగంతా ముక్కిపోయింది సార్."

"ఎక్కించిన రేవులో బాగుందని పత్రమిచ్చారు డాక్టరుగారూ. ఒప్పందం ప్రకారం అదే ఆఖరి మాట."

"అక్కడ బాగుంటే ఇక్కడా బాగున్నట్టేనా? నెల్రోజులు నీళ్ళమీద వచ్చింది!"

"తగువు పెట్టాలంటే వాళ్ళ దేశంలోనే పెట్టాలి. వాళ్ళు తీసిన గింజలే చూస్తారు, మనవి చూడరు."

"మరి నేనెందుకు సార్? ఈ డబ్బా ఎందుకు?"

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అతనికీ ముందు నుయ్యి, వెనక గొయ్యి. "మిల్లుల్లో పదకొండు రోజుల సరుకే ఉంది. దీన్ని కాదంటే ఇంకో ఓడకు రెండు నెలలు. పోయినేడు మనం గట్టిగా ఒక ఉత్తరం రాసినందుకు మూడు నెలలు ఓడే పంపలేదు, మర్చిపోయారా? మంచివాటిలో కలిపేస్తారు లెండి. ఎవరికీ తెలీదు."

"మా ఆవిడకు తెలుస్తుంది."

ఆఫీసరు నవ్వబోయి మానేశాడు.

డాక్టరు తండ్రి గోధుమే పండించేవాడు. ఓడల్లో చవక గోధుమ దిగడం మొదలయ్యాక, ఆ ధరకు కోతకూలి కూడా గిట్టక చేను బీడు పెట్టేశాడు. చుట్టుపక్కల అందరూ అదే పని చేశారు. తర్వాత చవక పోయింది, ఓడలు మిగిలాయి. ఆ కోపమంతా కొడుకు ఇన్నాళ్ళూ సంతకం కింద చిన్న అక్షరాల్లో ఫిర్యాదుగా రాస్తూ వచ్చాడు. చెవిటివాడి ముందు శంఖమే.

ఈసారి కాగితం వెనక్కి తోశాడు. డబ్బా దగ్గరకు లాక్కుని, సగం మూత మీద, సగం పట్టీ మీద పడేలా పెద్దగా సంతకం చేశాడు.

"నా సంతకం కావాలంటే దీనిమీదుంది సార్," అని డబ్బాను బీరువా మూడో అరలో పెట్టి, గొట్టం గోడకు ఆనించి బయటికి నడిచాడు.

ఇంట్లో భార్య పిండి జల్లిస్తోంది. "మీరు చూసి పంపిన పిండేగా, చేదంతా మీరే తినండి" అని పొద్దున్నే దెప్పిన మనిషి, వేళ కాని వేళ గుమ్మంలో అతన్ని చూసి జల్లెడ ఆపింది.

"ఏమండీ, ఇంత పెందలాడే వచ్చారేం?"

"ఈసారి నేను సంతకం పెట్టలేదే."

"అయితే ఓడ వెనక్కి పోతుందా?"

"పోదు."

"మరెందుకు పెట్టలేదు?"

అతను చొక్కా విప్పి మంచం మీద వాలాడు. "కాసేపు పడుకుంటాను. బాగా జల్లించి రెండు రొట్టెలు చెయ్యి."

ఆవిడ ఆ పిండిని రెండుసార్లు జల్లించింది. రొట్టెలు కాల్చి పిలిచింది, భుజం పట్టి కుదిపింది. అతను అప్పటికే పోయాడు.

కాగితం మీద అతను వదిలేసిన చోట ఆ సాయంత్రమే ఆఫీసరు తన సంతకం పెట్టుకున్నాడు. గోధుమలు మిల్లులకు, పిండి ఇళ్ళకు చేరాయి. తిలాపాపం తలా పిడికెడు. కర్మకాండలకు వచ్చిన చుట్టాలకు కూడా ఆ పిండి రొట్టెలే వడ్డించాల్సి వచ్చిందని ఆవిడ ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు.

ఆరు నెలలు నిండాక ఆఫీసరే బీరువా తెరిచి పాత డబ్బాలన్నీ పావురాలకు పోయించాడు. ఒక్కదాన్ని మాత్రం చేతిలోకి తీసుకుని, మూత చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. మూడో అరలో, మూతకూ పట్టీకీ అడ్డంగా పడిన సంతకం చెరగకుండా, ఆ రేకుడబ్బా ఇంకా ఎవరో అడుగుతారని కూర్చుని ఉంది.