ఏనుగు కడుపులో వాన

మా ఓవెను పేరు ఏనుగు. ఆ పేరు పెట్టింది మా మరదలు. నల్లగా, పొట్టి కాళ్ళ మీద, వంటగదిలో సగం చోటు ఆక్రమించుకుని నిలబడి ఉంటుంది. దాని కుడి పక్కన చూపుడు వేలు పట్టేంత బొక్క ఒకటి ఉంది. ఒకప్పుడు అక్కడ లోపలి వేడి చూపించే ముల్లు ఉండేదట. మేం కొనేనాటికే అది ఊడిపోయింది. ఆ బొక్కకి నేనే ఒక రేకు మూత చేసి బిగించాను. ముల్లు లేకుండానే ముప్పై ఏళ్ళు గడిచాయి. ముల్లుతో పనేముంది, మా ఆవిడ ముక్కు ఉండగా.

వారానికోసారి ఆవిడ అరటిపండు రొట్టె చేసేది. పండ్లు తేవడం ఒక్కటే నా పని. అందరూ పచ్చగా మిసమిసలాడేవి ఏరుకుంటారు. నేను బండి అడుగున ఉన్న మచ్చలవి అడుగుతాను. "పెద్దాయన ఇంట్లో కోతిని పెంచుతున్నట్టున్నాడు" అనేవాడు బండివాడు. తెచ్చిన పండ్లను వంటగది కిటికీ పక్కన మేకుకి తగిలిస్తే మూడు రోజుల్లో నల్లబడి, తొక్క పలచనై, ముట్టుకుంటే లోపల తేనెలా కదిలేవి. అప్పుడు ఆవిడ చేతులు కడుక్కునేది.

రొట్టె లోపల పెట్టాక ఆవిడ ఇక దాని వంక చూసేది కాదు. డాబా మీద బట్టలు ఆరేసేది, వీధి గుమ్మంలో ఎవరితోనో మాట్లాడుతూ ఉండేది. ఇల్లంతా ముందు పచ్చిపిండి వాసన, తరవాత పండు వాసన, తరవాత వెన్న. చివర్లో చక్కెర కాలిన సన్నటి వాసన ఒకటి, దారప్పోగులా వస్తుంది. అది నాకెప్పుడూ అందలేదు. ఆవిడకి డాబా మీద కూడా అందేది. చేతిలో తడి దుప్పటితోనే దిగి వచ్చి "అయింది" అనేది. అయ్యేది.

గడియారం పెట్టుకోవచ్చు కదా అని మా మరదలు అంటూనే ఉండేది. ఏనుగుతో అది కుదరదు. సిలిండరు నిండుగా ఉంటే మంట ఒకలా ఉంటుంది, అడుగంటితే ఒకలా ఉంటుంది. పుల్ల గుచ్చి చూద్దామంటే పండు ముక్క తగిలి ఎప్పుడు తీసినా తడిగానే వస్తుంది. మాటిమాటికీ తలుపు తీస్తే రొట్టె నడుమ గుంట పడుతుంది. ముక్కు తప్ప దారి లేదు.

ఆ ముక్కు పోయింది. వానాకాలంలో పది రోజులు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన రోజు ఆవిడ సబ్బు బిళ్ళ వాసన చూసి, మళ్ళీ చూసి, కింద పెట్టింది. డాక్టరు "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. రుచి కూడా దానితోనే వెళ్ళిపోయింది.

"ఇల్లంతా అద్దం అవతల ఉన్నట్టుంది" అంది మా ఆవిడ.

అయినా ఆ వారం రొట్టె చేసింది. అందాజుగా తీసింది. ముక్క కోసి నా చేతిలో పెట్టి "ఎలా ఉంది?" అంది.

మధ్యలో పచ్చిపిండి నాలుక్కి అంటుకుంది. ఆవిడ నా నోటి వంకే చూస్తోంది.

"బాగుంది" అన్నాను.

మామూలుగా నేను ఆ మాట కూడా అనను, తల ఊపుతాను. అక్కడే ఆవిడకి అనుమానం రావాల్సింది. రాలేదు. సగం రొట్టె పళ్ళెంలో పెట్టుకుని సంబరంగా మేడమీదకి వెళ్ళింది. మా మరదలు అక్కడ బట్టలు కుడుతుంది. మంచి మనిషే, నోట్లో నువ్వుగింజ నానదు. కాసేపటికి మెట్ల మీదుగా ఆమె గొంతు వినబడింది.

"అక్కా, ఇది రొట్టె కాదే, జిగురు. గోడలకి కాగితాలు అంటించుకోవచ్చు."

కుట్టుపని కోసం వచ్చినవాళ్ళు ఎవరో ఇద్దరు నవ్వారు.

మా ఆవిడ కిందికి దిగివచ్చి నా కుర్చీ ఎదురుగా నిలబడింది.

"ఏడాదికి పది మాటలు మాట్లాడతారు మీరు. అందులో ఒకటి అబద్ధమా?"

జవాబు లోపల ఉంది. పైకి రాలేదు. నాకు ఎప్పుడూ అంతే. బెల్లం కొట్టిన రాయి అని మా అత్తగారు కూడా అనేది.

మరుసటి వారం ఎక్కువసేపు ఉంచింది, బొగ్గయింది. ఆ మరుసటి వారం తలుపు తీసి తీసి చూసింది, కూలిపోయింది. దాన్ని అలాగే బయట కుక్కకి పెడితే అది వాసన చూసి మర్యాదగా పక్కకి వెళ్ళింది. ఆ సాయంత్రం ఆవిడ రొట్టె చేసే రేకు డబ్బా తోమి, తుడిచి, అలమార మీద బోర్లించింది.

"ప్రతిసారీ ఇంకొకరి మొహం చూసి నా వంట ఎలా ఉందో తెలుసుకోవాలా? నా వల్ల కాదు. ఏనుగుని వీధి మూలనున్న బేకరీ అతనికి ఇచ్చేస్తున్నా. ఆదివారం పొద్దున మనిషిని పంపుతానన్నాడు."

ఓవెను పోతే పోయింది అనుకునేవాణ్ణే. కానీ ఆ మాట అన్నప్పటి నుంచి ఆవిడ పగలు నిద్రపోవడం మొదలుపెట్టింది. పెళ్ళయ్యాక పగలు పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. అన్నం తిని గోడవైపు తిరిగి పడుకునేది. లేచాక కూడా సగం అక్కడే ఉన్నట్టుండేది. పిలిస్తే దూరం నుంచి నడిచి వచ్చినట్టు పలికేది. ఏనుగు గడప దాటితే ఆవిడ ఆ అద్దం అవతలే ఉండిపోతుందని నాకు భయం వేసింది.

శనివారం మధ్యాహ్నం. మేకుకి నాలుగు పండ్లు వేలాడుతున్నాయి, నేనే అలవాటు కొద్దీ తెచ్చినవి. నల్లగా కారిపోవడానికి సిద్ధంగా ఉన్నాయి. కిటికీలోంచి ఎండ నేలమీద నీళ్ళలా పారుతోంది. లోపలి గదిలో ఆవిడ ఊపిరి వినబడుతోంది. నేను అలమార మీది డబ్బా దించాను.

ఆవిడ చేస్తుండగా నేనెప్పుడూ వంటగదిలో నిలబడి చూడలేదు. పక్కగదిలో కుర్చీలో కూర్చునేవాణ్ణి. కానీ చెవులు మూసుకోలేదు కదా. నేను నలభై ఏళ్ళు బట్టల మిల్లులో బాయిలరు దగ్గర పని చేసిన మనిషిని. అక్కడ మాట్లాడితే వినబడదు, అందుకని మాటలు తగ్గిపోయాయి, వినడం మిగిలింది. పండ్లు మెదిపే పచపచ ఎంతసేపో తెలుసు. గిన్నె అంచుకి గుడ్డు రెండుసార్లు కొడుతుంది, రెండు గుడ్లు. పంచదార గరగరమంటూ రెండు కప్పులు. జల్లెడ మీద అరచేతి దెబ్బలు ఇరవై. చిన్న డబ్బా మూత టప్పుమంటే వంటసోడా. వెన్న కరిగి చిటపట ఆగాక పోస్తుంది. తరవాత చెక్క గరిటె గిన్నెకి తగులుతూ తిరుగుతుంది, అరవై సార్లు. ఎన్ని వందల మధ్యాహ్నాలు ఆ అరవై వింటూ కునుకు తీశానో లెక్కలేదు.

నేను గరిటె తిప్పుతున్నాను. ఎండలో పిండి రేణువులు తేలుతున్నాయి. నేనే కుర్చీలో కూర్చుని వింటున్నట్టూ, నేనే ఇక్కడ కలుపుతున్నట్టూ అనిపించింది.

"చాలు" అని లోపలి గదిలోంచి వినబడింది. "అరవై దాటింది. ఇంకా కలిపితే సాగుతుంది."

ఆపాను. ఆవిడ కొంగు సర్దుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. కళ్ళలో ఇంకా నిద్ర ఉంది.

"ఎవరు నేర్పారు మీకు?"

"నువ్వే."

"నేనెప్పుడు నేర్పాను?"

పక్కగదిలోని కుర్చీ చూపించాను. ఆవిడ కుర్చీ వంక చూసింది, గిన్నె వంక చూసింది. డబ్బాకి వెన్న రాసి నా ముందుకి తోసింది. పోసి, ఏనుగులో పెట్టి, తలుపు వేశాను.

"పెట్టడం ఎవరైనా పెడతారు" అంది. "తీసేదెవరు?"

మంచం కింద నుంచి నా కర్ర తెచ్చాను. మూరెడు పొడుగు, వేలంత లావు, నున్నటి గట్టి కర్ర. మిల్లులో దాని ఒక కొస గొట్టానికి ఆనించి, రెండో కొస చెవికి ఆనించుకుంటే లోపల ఆవిరి ఏం చేస్తోందో తెలిసేది. ఎక్కడ అరిగిందో, ఎక్కడ చిల్లు పడబోతోందో చెప్పేది. ఇనుప చువ్వయితే చెవి కాలుతుంది. అందుకని కర్ర.

"రొట్టెకి కూడా బాయిలరు వైద్యమా" అంది మా ఆవిడ.

రేకు మూత తిప్పి తీసి, ఆ బొక్కలోంచి కర్రను లోపలికి పోనిచ్చాను. డబ్బాకి మెత్తగా తగిలింది. చెవి ఆనించాను. ముందు మంట హోరు. దాని కింద, చాలా లోతుగా, నేను అనుకున్నది ఉంది. కర్ర వదలకుండా జరిగి ఆవిడకి చోటిచ్చాను.

ఆవిడ చెవి ఆనించింది. "ఏముంది, హోరుమంటోంది."

"హోరుని వదిలెయ్యి. దాని కింద విను."

చాలాసేపు ఏమీ లేదు. ఆవిడ నుదురు ముడిపడింది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. అప్పుడు ముడి మెల్లగా విడిపోయింది. కళ్ళు మూసుకుంది.

"వాన" అంది. "ఎక్కడో వాన పడుతోంది."

పిండిలో తడి ఉన్నంతసేపూ సన్నటి బుడగలు పుట్టి పగులుతూ ఉంటాయి. దూరంగా రేకుల మీద పడే వానలా ఉంటుంది. ఆవిడ ఏనుగు పక్కనే నేలమీద కూర్చుంది, చెవి కర్రకి పెట్టి. నేను కర్ర వదిలేశాను. ఎండ నేలమీద నుంచి గోడ ఎక్కింది. మధ్యమధ్యలో ఆవిడ నిద్రలో మాట్లాడినట్టు చెబుతోంది.

"పెద్దదయింది... ఇప్పుడు ఊరంతా పడుతోంది... గాలి మళ్ళింది."

నేను చెప్పులు లేకుండా నిలబడి ఉన్నాను. కదిలితే ఆ వాన చెదిరిపోతుందేమోనని కదల్లేదు.

"తగ్గుతోంది" అంది కాసేపటికి. కళ్ళు తెరిచి నా వంక చూసింది. "తియ్యనా?"

నేను కిటికీ వైపు తిరిగాను. నాకు తెలిసింది చెప్పాలంటే, పూర్తిగా ఆగేదాకా ఉండమనాలి. బాయిలరు దగ్గర అంతే చేస్తాం. కానీ ఈసారి నా నోట్లోంచి వచ్చే మాట మంచిదైనా చెడ్డదైనా ఆవిడకి పనికిరాదు. పెదవులు బిగించుకున్నాను. నాకది కష్టమైన పని కాదని అందరూ అనుకుంటారు. ఆ రోజు కష్టమయింది.

"చూరు నుంచి కారుతున్నట్టుంది ఇప్పుడు" అంది నెమ్మదిగా. "ఒకటి... ఒకటి..."

టక్కున గ్యాసు కట్టేసింది.

"రెండు చుక్కలు ఉండగానే తియ్యాలి. బయటికొచ్చాక కూడా లోపల ఉడుకుతుంది అది."

ఆ సంగతి నాకు తెలియదు. నేనైతే మాడ్చేవాణ్ణి.

డబ్బా బయట పెట్టిందో లేదో, మెట్ల మీద చెప్పుల చప్పుడు. మెడలో కొలత టేపుతోనే మా మరదలు దిగి వచ్చింది.

"అక్కా, వాసన మేడమీదకి వచ్చింది. మళ్ళీ మొదలెట్టావా? బేకరీ అతను రేపొస్తాడు కదా."

"వాసన వచ్చిందా?" అంది మా ఆవిడ.

"వచ్చిందా ఏంటి, మిషను ఆపేసి వచ్చాను. అయినా ఈసారి ముందు బావ చేత తినిపించు. బతికితే నేను తింటాను."

చల్లారనిచ్చి కోసింది. నడుమ గుంట లేదు. కత్తి శుభ్రంగా బయటికి వచ్చింది. మొదటి ముక్క నా చేతిలో పెట్టింది. మా మరదలు ఆగలేక ఇంకో ముక్క నోట్లో వేసుకుంది, ఏదో అనబోయింది. మా ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"నువ్వుండు. ఈయన్ని అడుగుతున్నాను." నా వైపు తిరిగింది. "ఎలా ఉంది?"

నమిలాను. మళ్ళీ నమిలాను. మెత్తగా ఉంది, లోపలిదాకా ఉడికింది. కానీ ఏదో లేదు.

"ఉప్పు లేదు" అన్నాను.

"బావా" అంది మా మరదలు, "ఇంతా చేసి, అక్క మొహం చూసి ఒక్క మంచి మాట అనకూడదూ?"

మా ఆవిడ భుజాలు ముందు కదిలాయి. తరవాత నవ్వు బయటపడింది. జ్వరం వచ్చాక అదే మొదలు. కుర్చీ పట్టుకుని నవ్వింది.

"వేళ్ళతో చిటికెడు జల్లుతాను కదే" అంది చెల్లెలితో, కళ్ళు తుడుచుకుంటూ. "ఉప్పు పడితే చప్పుడేముంటుంది. ఈయనకెలా తెలుస్తుంది పాపం."

తరవాత నన్ను అడిగింది. "లోపల?"

"ఉడికింది."

ఆ మాట ఆవిడ నమ్మింది. నమ్మిందని నాకు తెలిసింది.

ఆదివారం పొద్దున బేకరీ అతను మనిషిని పంపకుండా తనే తోపుడుబండితో వచ్చాడు. మా ఆవిడ గుమ్మంలోనే రొట్టె ముక్క ఒకటి అతని చేతిలో పెట్టింది. "ఏనుగుని ఇవ్వడం లేదు బాబూ. ఇందులో ఉప్పు లేదు, అది ఈయన చలవ. మిగతాదంతా నాది" అంది. అతను తిని, చేతులు దులుపుకుని, ఖాళీ బండి తోసుకుంటూ వెళ్ళాడు.

ముక్కు ఇప్పటికీ రాలేదు. నా కర్ర వంటగదిలో అరటిపండ్ల మేకు పక్కనే ఇంకో మేకుకి ఉంటుంది. వారానికోసారి మధ్యాహ్నం మా ఆవిడ నేలమీద కూర్చుని ఏనుగు కడుపుకి చెవి ఆనిస్తుంది. ఆ సమయంలో మేడమీద నుంచి చెల్లెలు పిలిచినా పలకదు. ఇంట్లో మాట్లాడనివాళ్ళు ఇప్పుడు ఇద్దరయ్యారని మా మరదలు అందరికీ చెబుతోంది.

నేను పక్కగదిలో కుర్చీలోనే ఉంటాను. జల్లెడ దెబ్బలు ఇరవై అయ్యాక, గరిటె మొదలుకాకముందు, ఇప్పుడొక కొత్త చప్పుడు వస్తోంది. ఉప్పు డబ్బా మీద చెంచాతో రెండుసార్లు కొడుతుంది, నాకు వినబడేలా.