కొండెక్కని స్వరం

"స్వరం పూర్తిగా చచ్చిపోయేదాకా ఎవ్వరూ తలుపు తట్టకండి," అంది కూతురు.

తల్లి చెవులు మూసుకుంది. "అవేం పాడు మాటలే! దీపాన్నయినా కొండెక్కిందంటాం గానీ ఆరిపోయిందంటామా?"

"సరే తల్లీ, స్వరం కొండెక్కేదాకా. చాలా?" నవ్వుతూ తలుపు మూసుకుంది.

చలికాలమంతా సాయంత్రాలు వినిపించడానికి మాటల్లేని సంగీతం కావాలన్నారు రేడియోవాళ్లు. ఆ పిల్లకి దొరికిన మొదటి పెద్ద పని. రేపే ఇచ్చెయ్యాలి. వీధి చప్పుడు మైకులో పడకుండా కిటికీకి దుప్పట్లు కట్టింది, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కింది. వేళ్లు కొంకర్లు పోతాయని గ్యాస్ హీటర్ తెచ్చి లోపల పెట్టింది మాత్రం తల్లే.

కీబోర్డు మొదలైంది. ఒక స్వరం లేచేది, మంచు పట్టిన అద్దంలా మసకమసకగా సాగేది, మీట మీంచి వేలు తీయగానే సన్నగిల్లి కొండెక్కేది. కాస్త ఆగి ఇంకోటి. తల్లి తలుపు దగ్గరే బఠాణీలు ఒలుస్తూ కూర్చుంది.

తర్వాత ఒక స్వరం లేచింది. సాగింది. సాగుతూనే ఉంది.

ఆమె చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "ఏమండీ, అది ఆగట్లేదు."

"ఆగకపోతే మంచిదేగా, బాగా కుదిరిందన్నమాట," పేపరు దించకుండానే అన్నాడు భర్త. "తట్టావంటే మళ్లీ మొదటికొస్తుంది. పోయినసారి నీ తుమ్ము పడిందని ఎన్నాళ్లు మూతి ముడుచుకుందో గుర్తుందా?"

ఎందుకు గుర్తుండదు? పాలు పొంగినా ప్రళయమొచ్చినట్టు చేస్తుందని ఇంటిల్లిపాదీ ఆమెను ఆటపట్టిస్తారు. తీరా తలుపు తోశాక పిల్ల నిక్షేపంలా ఉంటే? ఆ పని కాస్తా చేజారిపోతే? జన్మంతా మాట పడాలి.

స్వరం పెరగలేదు, తగ్గలేదు, వణకనైనా లేదు. మనిషి వేలు అంతసేపు కదలకుండా ఉంటుందా? ఏ స్వరానికి చావన్న మాట తగలకూడదని దిద్దిందో, ఆ స్వరాన్నే ఇప్పుడు పళ్లబిగువున బతిమాలింది. చావవే, చచ్చిపోవే. అది చావలేదు.

చేట విసిరికొట్టి తలుపు మీద పడింది. తువ్వాలు అడ్డుపడి కదల్లేదు. భుజంతో కుమ్మింది.

గాలాడని గదిలోని వేడి మొహాన కొట్టింది. కూతురు కీబోర్డు మీద తల వాల్చేసి ఉంది, చెంప కింద మీట.

భర్త పరుగెత్తుకొచ్చి హీటర్ కట్టేశాడు. ఆమె పిల్లను చంకల కింద పట్టి లేపగానే స్వరం సన్నగిల్లడం మొదలుపెట్టింది. అది విన్నవాళ్లెవరూ లేరు. వసారాలోకి ఈడ్చుకొచ్చి, చలిగాలిలో పడుకోబెట్టి, బుగ్గలు తట్టింది, అరిచింది, తిట్టింది. పిల్ల దగ్గింది. కక్కుకుంది. కళ్లు తెరిచింది.

అవతల భర్త డాక్టరుకి ఫోన్ చేస్తున్నాడు.

"తలుపు తీసేశావా?" కూతురి గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "స్వరం కొండెక్కిందామ్మా?"

"చచ్చింది," అంది తల్లి, ఆ తలను గుండెకి అదుముకుంటూ. "చావనీ."