అతుకు మీద దూది

భర్త క్లెమ్ పోయిన మూడో రోజున నోరీన్ ఫ్రిజ్ ఖాళీ చేసింది. పలకరింపుకు వచ్చినవాళ్ళు తలా ఒక గిన్నె కూరో, కేకో తెచ్చిపెడుతున్నారు. చోటు చాలక అడుగు అరలోని పాత జామ్ సీసా బయటికి తీసి మూత విప్పింది. లోపల బురద రంగులో చిక్కటి మడ్డి. పాడైపోయిందనుకుని సింకులో ఒంపేసి, సీసాను వేణ్ణీళ్ళతో తోమి బోర్లించింది.

అదేమిటో సాయంత్రానికి గాని గుర్తు రాలేదు. ఇంట్లో కాచిన బీరును సీసాల్లోకి దించిన ప్రతిసారీ పీపా అడుగున మిగిలిన ఈస్టు మడ్డిని క్లెమ్ ఆ సీసాలోకి ఎత్తి దాచేవాడు. తర్వాతి వాయికి, పాలలో తోడు వేసినట్టు, అందులోంచే వేసేవాడు. పందొమ్మిదేళ్ళుగా తెగకుండా వచ్చిన తోడు అది.

ఆ బీరుకు ఒక రుచి ఉండేది. మొదటి గుక్కకు తెలిసేది కాదు. మింగాక, నాలుక వెనకనుంచి, కాలిన లవంగంలా లేచేది. కొండల మధ్య, వాన తెరిపివ్వని ఆ టాస్మేనియా గని ఊళ్ళో, శనివారం మధ్యాహ్నం వాళ్ళ షెడ్డుకు చేరేవాళ్ళంతా దానికి ‘క్లెమ్ తోక’ అని పేరు పెట్టారు.

సీసా సంగతి నోరీన్ ఎవరికీ చెప్పలేదు. సింకు ముందు నిలబడినప్పుడల్లా కుళాయి తిప్పబోయి ఆగేది. మనిషిని ఊరంతా కలిసి మట్టిలో పెట్టారు. మిగిలిన కాస్తా తన చేత్తో తనే పారబోసింది.

చలికాలం వచ్చాక, ఖాళీగా ఉన్న షెడ్డును చూడలేక, కొత్త ఈస్టు ప్యాకెట్ కొని తనే ఒక వాయి కాచింది. క్లెమ్ వాడిన తెల్ల ప్లాస్టిక్ పీపాలోనే పోసింది. మూత మీద నీళ్ళు నింపిన చిన్న గొట్టంలో బుడగలు రేగాయి, పదో రోజుకు ఆగిపోయాయి. అలా ఆగాల్సిందే. పన్నెండో రోజు మధ్యాహ్నం ఆమె షెడ్డులో దుప్పట్లు ఆరేస్తోంది. వెనక ‘బుడుక్’ మని వినిపించింది. చాలాసేపటికి ఇంకొకటి. మాట మధ్యలో ఆగి, మిగతా సగం చెప్పాలా వద్దా అని క్లెమ్ ఆలోచించేవాడే, సరిగ్గా అంత ఎడం.

సీసాల్లోకి ఎత్తి మూడు వారాలు ఆగి ఒకటి విప్పింది. మింగింది. నాలుక వెనక లవంగం లేచింది.

తోడు లేదు. ఈస్టు కొత్తది. నోరీన్ గ్లాసు బల్ల మీద పెట్టి మెల్లగా వెనక్కి తిరిగి చూసింది. ఆరని దుప్పట్లు తప్ప అక్కడెవరూ లేరు.

ఆ మరుసటి వారం ఒక సీసా పేలింది. బట్టల క్లిప్పుల కోసం షెడ్డులోకి అడుగుపెట్టిన డల్సీ చెవిని గాజుపెంకు ఒకటి కోసుకుంటూ పోయి తలుపులో గుచ్చుకుంది. డల్సీ క్లెమ్ చెల్లెలు. రెండు కుట్లు పడ్డాయి.

“ఒక్క అంగుళం ఇటైతే కన్ను పోయేది వదినా,” అంది, కట్టు కట్టిన చెవితో నోరీన్ వంటింట్లో కూర్చుని. “బతికున్నన్నాళ్ళూ జుట్టు పీకాడు, చచ్చాక చెవి కోశాడు. ఆ ప్లాస్టిక్ పీపా చెత్తకుప్పకు పోవాలి. లేదంటే నేనీ గడప తొక్కను.”

“నువ్వు తొక్కకపోతే నా బిస్కెట్లయినా మిగుల్తాయి.”

“నవ్వులాట కాదు. స్టీలుది కొనుక్కో. ఫెర్గస్ కొట్లో చవకవి కూడా ఉన్నాయట. శుభ్రంగా ఉంటుంది, ఏ పీడా ఉండదు.”

పీడ అన్న మాటకు నోరీన్ టీ కప్పు కింద పెట్టింది. డల్సీ చెప్పింది న్యాయమే. ఆ న్యాయం జరిగిందంటే మాత్రం షెడ్డులో ఉన్నదేదో వెళ్ళిపోతుంది. ఈసారి అదేమిటో తెలిసి మరీ తనే పారబోసినట్టవుతుంది.

ఖాళీ పీపాను కారు వెనక సీట్లో పెట్టుకుని, బీరు కాచే సామాన్లమ్మే ఫెర్గస్ కొట్టుకు వెళ్ళింది. డెబ్బై దాటిన ఫెర్గస్, క్లెమ్ తో గనిలో పనిచేసినవాడు, టార్చి వేసి పీపాలోకి తల దూర్చాడు.

“ఏమ్మాయ్, దీన్ని దేంతో తోమేవాడు మీ ఆయన?”

“ఇనప పీచుతో. వద్దంటే, తోమడం నాకు నేర్పుతావా అనేవాడు.”

“ప్లాస్టిక్ మీద ఇనప పీచు పెట్టకూడదని ఈ వీధిలో పిల్లికి కూడా తెలుసు. చూడు, ఎన్ని గీతలో! ఎప్పుడో అడవి ఈస్టు ఒకటి వచ్చి వీటిల్లో కాపురం పెట్టింది. పురుగుల్ని చంపే మందు నీళ్ళు అంత లోపలికి పోవు. మంచి ఈస్టు తన పని ముగించి పడుకున్నాక ఇది లేస్తుంది, మిగిలింది తింటుంది. సీసాలో పెట్టి బిగించినా తింటూనే ఉంటుంది. అందుకే పేలింది.”

“ఆ రుచి?”

“అదీ దానిదే. మీ ఆయన చేతి మహిమ అనుకున్నారా అందరూ? ఉత్త బద్ధకం, మొండితనం.”

“ఆ రెండూ ఆయనవే కదా,” అంది నోరీన్.

ఫెర్గస్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. మూల వరసలో ఉన్న స్టీలు పీపాల దగ్గరికి తీసుకెళ్ళాడు. కాళ్ళ మీద నిలబడి అద్దంలా మెరుస్తున్నదాన్ని, “ఇది చూసి ఆనందించడానికి,” అని దాటేశాడు. రెండోది సాదాసీదా బిందెలాంటిది. దాని మెడలోకి ఆమె చెయ్యి మోచేతి దాకా దూర్పించాడు. “చెయ్యి అడుగుకు అందాలి. అందకపోతే కడగలేవు. కుళాయి ముక్కలు ముక్కలుగా ఊడిరావాలి. ఇది వస్తుంది. ఇక అసలు పరీక్ష.” జేబులోంచి దూది తీసి, లోపల రేకు అతికిన చోట పైనుంచి కిందికి రాశాడు. దూది ఉండ చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. “అతుకు ఇలా నున్నగా ఉండాలి. దూది పట్టని చోట పురుగూ పట్టదు. ధర కూడా నీకు అందుబాటే. తీసుకుపో.”

నోరీన్ దూది అందుకుంది. గోనెపట్టా కింద ఇంకొకటి ఉంది, అదే సైజు. పట్టా తొలగించి చెయ్యి లోపల పెట్టింది. దూది మూడు చోట్ల పట్టుకుంది. బయటికి తీస్తే సగమే వచ్చింది. టార్చి వెలుగులో అతుకు పొడవునా తెల్లటి నూగు ఊగుతోంది.

“అది వదిలెయ్. తిరిగొచ్చిన సరుకు. అతుకు సరిగ్గా నున్న చెయ్యలేదు.”

ఆమె మళ్ళీ రాసింది. మళ్ళీ అక్కడే పట్టుకుంది.

“ఇదెంత?”

“అమ్మాయ్, ఇంతసేపూ నేను చెప్పింది అర్థమైందా?”

“అయింది. సీసాల్లో పొయ్యను. నురగ తక్కువైనా సరే, కుళాయి తిప్పి నేరుగా తాగుతాను. మూత గొట్టం తీసే పని లేదు, గాలి దాని దారిన అది పోతుంది. ఏదీ పేలదు.”

“నేనడిగింది అది కాదు.”

“మీరడిగింది ఏమిటో కూడా నాకు తెలుసు.”

ఫెర్గస్ టార్చి ఆర్పాడు. గోనెపట్టా మడిచి పక్కన పెట్టాడు. “నలభై డాలర్లు ఇవ్వు,” అన్నాడు చివరికి. “రసీదు మీద పూలకుండీ అని రాస్తాను.”

స్టీలు పీపాలో పోసిన మొదటి వాయిలో, ప్లాస్టిక్ పీపా గీతల్లో గోరువెచ్చని నీళ్ళు ఆడించి తీసిన మడ్డి కలిపింది. ఆ పీపాను చెత్తకుప్పకు డల్సీయే స్వయంగా తీసుకుపోయి, రెండు చేతులూ దులుపుకుని వచ్చింది. ఆ వాయి అయిపోయాక నోరీన్ స్టీలు పీపాను కడిగింది. మరిగే నీళ్ళు, బట్టల సోడా, మందు నీళ్ళు, ఫెర్గస్ చెప్పిన వరసలో ఒక్కటీ వదల్లేదు. దొంగాట ఆడదలుచుకోలేదు. ఉంటే ఇంత కడిగినా ఉండాలి. రెండో వాయిలో ప్యాకెట్ ఈస్టు తప్ప ఇంకేమీ వెయ్యలేదు.

పదో రోజుకు బుడగలు ఆగాయి. పన్నెండో రోజు ఇల్లు తుడవకుండా షెడ్డులో కూర్చుంది. ఏమీ లేదు. పదమూడో రోజూ లేదు. కడిగింది ఎక్కువైందేమోనని తన చేతుల వంక చూసుకుంది. గోళ్ళ చుట్టూ చర్మం తెల్లగా పొరలు లేచి ఉంది.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం డల్సీ వచ్చింది. టీ కప్పులు షెడ్డులోకే తెచ్చుకున్నారు.

“చూశావా, ఎంత తళతళలాడుతోందో! నా మాట విన్నావు కాబట్టి...”

బుడుక్.

డల్సీ చేతిలో బిస్కెట్ నోటి దగ్గరే ఆగిపోయింది. వాన. మళ్ళీ వాన. ఆ ఎడం పొడవెంతో ఇద్దరికీ తెలుసు.

బుడుక్.

“ఏమిటది వదినా?”

నోరీన్ లేచి కుళాయి కింద గ్లాసు పెట్టింది. సగం నింపి ఇచ్చింది. డల్సీ వాసన చూసి, కొంచెం నోట్లో పోసుకుని మింగింది. ఆమె చెయ్యి తనంతట తానే పైకి లేచి చెవి మీది మచ్చను తడిమింది. కళ్ళు మాత్రం పీపా మీదే ఉన్నాయి.

“శుభ్రంగా కడిగావా?”

“నా చేతులు చూడు.”

డల్సీ చూసింది. ఇంకో గుక్క తాగింది.

“పారబొయ్యమంటే పారబోస్తాను,” అంది నోరీన్. “నీ చెవి. నీ ఇష్టం.”

డల్సీ ఖాళీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తలుపు వైపు చూసింది. గాజుపెంకు గుచ్చుకున్న గంటు ఇంకా అలాగే ఉంది. సందులోంచి చలిగాలి కొడుతోంది.

“ఆ తలుపు వెయ్యి వదినా,” అంది గొంతు తగ్గించి. “చలికి మళ్ళీ పడుకుంటాడు.”