లైట్‌హౌస్ కింద బల్ల

త్రినాథ్‌కీ భవ్యకీ పెళ్లయితే మొదటిరోజే దెబ్బలాడుకుంటారని పర్చూరు దారిలో ఉన్న ఆ ఊళ్లో అందరికీ తెలుసు. దేనిమీద దెబ్బలాట అని అడిగితే మాత్రం సరిగ్గా చెప్పగలిగినవాళ్లు లేరు. పొలం మీదా కాదు, నగల మీదా కాదు. వీడియో గేముల్లో లోకం పెద్దదిగా ఉంటే బాగుంటుందా, చిన్నదిగా ఉంటే బాగుంటుందా అన్నదాని మీద. పనికిమాలిన తగువు అని పెద్దవాళ్లు నవ్వేవాళ్లు. పనికొచ్చే తగువులే పెట్టుకోవాలంటే ఊళ్లో సగంమందికి సాయంత్రాలు గడవవు.

త్రినాథ్ ఆమెకి మేనమామ వెంకయ్య కొడుకు. ఇద్దరి ఇళ్లూ ఎదురెదురు. భవ్య ఉయ్యాలలో ఉండగానే గురవమ్మ, అంటే ఆమెకి అమ్మమ్మ, అతనికి నాయనమ్మ, ఈ పిల్ల నా మనవడికే అని తేల్చేసింది. ఆ ఇంట్లో అది కొత్త సంగతేమీ కాదు. వెంకయ్యకి కూడా గురవమ్మ తన అన్న కూతుర్నే తెచ్చి చేసింది. మిరపచేను, పత్తిచేను ముక్కలు కాకూడదు, పిల్లలు కంటికి దూరం కాకూడదు. ఆవిడకి తెలిసిన క్షేమమంతా అంతే.

డిగ్రీ అయ్యాక త్రినాథ్ తండ్రితో పాటు సేద్యంలోకి దిగాడు. భవ్య చిలకలూరిపేటలో ఒక స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో పనిచేసేది. సాయంత్రం బస్సు దిగి సొంత ఇంటికి వెళ్లకుండా మావయ్య ఇంటికి పోయి, త్రినాథ్ కుడిపక్కన కూర్చుని రెండో రిమోట్ అందుకునేది. పెళ్లికాని పిల్ల అలా వెళ్లొచ్చా అని అడిగేవాళ్లు లేరు. ఎప్పటికైనా వెళ్లాల్సిన ఇల్లేగా.

అతనికి పెద్ద లోకాల పిచ్చి. గుర్రమెక్కి ఎంతసేపు పోయినా అవతలి అంచు కనపడని దేశం ఒకటి ఉండేది అతని గేములో. అదిగో ఆ మంచుకొండ కనపడుతోందా, అక్కడికి నిజంగా వెళ్లొచ్చు అని ప్రతిసారీ మొదటిసారి చూసినట్టే చెప్పేవాడు. వెళ్తే ఏముంటుంది అని భవ్య అడిగేది. ఇంకో కొండ కనపడుతుంది అనేవాడు. ఒకే చెట్టుని వెయ్యిసార్లు అతికించి అడవి అన్నారు, ఒకే దొంగల గుడిసెని ఊరూరా పెట్టారు, ఒక్కడికైనా నీ పేరు తెలుసా అని ఆమె దులిపేసేది. తప్పిపోయే వీలు లేకపోతే అది సాహసం ఎలా అవుతుంది అని అతను ఎదురడిగేవాడు. దారంతా ఖాళీగా ఉంటేనే చేరాక ఊరు ఊరులా కనపడుతుంది అనేవాడు. ఆ మాటలో నిజముందని భవ్యకి అనిపించేది. చచ్చినా ఒప్పుకునేది కాదు.

ఆమె గేము ఒక చిన్న లంక. నాలుగు వీధులు, ఒక రేవు, ఒక రొట్టెల కొట్టు, ఒక గంట, చివర లైట్‌హౌస్. ప్రతి తలుపూ తెరుచుకుంటుంది. ఇవాళ చేప ఇచ్చిన ముసలాయన మర్నాడు పలకరిస్తాడు. లైట్‌హౌస్ కింద ఒక బల్ల ఉంది. దానిమీద కూర్చోవచ్చు. కూర్చుంటే ఏమీ జరగదు, కెరటాల చప్పుడు వినపడుతుంది, అంతే.

"ఏమీ జరగనిదానికి బల్లెందుకు?" అన్నాడు ఒకసారి త్రినాథ్.

"కూర్చోడానికి" అంది భవ్య. ఇంతకంటే తెలివైన జవాబు తన జన్మలో ఇవ్వలేదని ఆమె నమ్మకం.

ఆ రోజుల్లోనే త్రినాథ్ ఆట పాడయింది. పక్కనుంచి ఎవడొచ్చి పొడిచినా చూసుకునేవాడు కాదు. బయట కూడా అంతే. గేటు స్తంభానికి భుజం కొట్టుకునేవాడు, అరుగు మీద పెట్టిన కాఫీ గ్లాసు తన్నేసేవాడు, పొద్దుగూకితే బండి తీయనని ఏదో సాకు చెప్పేవాడు. పరధ్యానం మహారాజు అని భవ్య పేరు పెట్టింది. చిన్నప్పుడూ అతనికి చీకట్లో సరిగ్గా ఆనేది కాదు. మిరపకాయల కల్లంలో పెరిగిన పిల్లాడు, ఘాటుకి కళ్లు మండుతున్నాయని అందరూ అనుకున్నారు. అనుకోరూ మరి? కాయ కోతకొచ్చిన నెలల్లో ఆ ఊళ్లో ఎర్రబడని కన్ను, నీరు కారని కన్ను ఎవరికుంది? గురవమ్మ వాడి మాడుకి ఆముదం పెట్టింది, వారం తప్పకుండా పొన్నగంటి కూర వండి తినిపించింది, కల్లం వైపు రావద్దని కసిరింది. మిగతా నేరం గేముల మీదకి తోసేశారు. కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని ఎవరికీ తోచలేదు.

కొడుక్కి అక్షరాలు ఆనడం లేదేమోనని వెంకయ్య గుంటూరు వెళ్లి గోడంత టీవీ తెచ్చి బిగించాడు. త్రినాథ్ బాగుంది నాన్నా అన్నాడు. తర్వాత కొన్నాళ్లకి అటక మీంచి పాత చిన్న టీవీ దించి, దాన్ని గది చివర పెట్టుకుని, తను ఇటు గుమ్మం దగ్గర కూర్చుని ఆడటం మొదలుపెట్టాడు. వెంకయ్య ముఖం చిన్నబోయింది. కొడుకు తన మీద ఏ కోపం ఇలా తీర్చుకుంటున్నాడో ఆయనకి అర్థం కాలేదు. భవ్యకీ అర్థం కాలేదు. అంత దూరం కూర్చుంటే ఎలా, బాల్కనీ టికెట్ కొన్నావా అని ఎగతాళి చేసింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకి నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

ఆ వారంలోనే అతను పెద్ద దేశాన్ని వదిలేసి లంక ఆడదామన్నాడు. భవ్య గాల్లో తేలిపోయింది. ఇన్నేళ్ల తగువులో తను గెలిచింది. ఒప్పుకో, చిన్నదే గొప్పది అని వీధి వినపడేలా చాటింది. నువ్వే గెలిచావులే అన్నాడతను. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడని ఆమె ఆలోచించలేదు. గెలిచినవాళ్లకి ఆలోచన తక్కువ. అతను కళ్లు మూసుకుని రిమోట్ కదుపుతూ, ఎక్కడున్నానో నేనే చెప్తాను, తప్పితే తప్పని చెప్పు అనేవాడు. రేవు మెట్ల దగ్గర నీటి చప్పుడు, రొట్టెల కొట్టు తలుపు కిర్రుమనడం, వీధి మలుపులో గంట ఎడమ చెవిలోంచి కుడి చెవిలోకి మారడం, అన్నీ పట్టిపట్టి నేర్చుకున్నాడు. అదొక కొత్త ఆట అనుకుని భవ్య చప్పట్లు కొట్టేది.

మిరపకాయలు కల్లానికి చేరాక తాంబూలాలు పుచ్చుకుందామని పెద్దవాళ్లు కూర్చున్నారు. భవ్య కొత్త చీర కట్టుకుని లోపలి గుమ్మం దగ్గర నిలబడింది. సిగ్గేమీ లేదు, సంతోషమే. ముహూర్తం మాట రాగానే త్రినాథ్ లేచి, నేను భవ్యని చేసుకోను అన్నాడు. ఎందుకని ఎంతమంది ఎన్ని రకాలుగా అడిగినా నేల చూస్తూ అదే మాట. వెంకయ్య కొడుకు మీద చెయ్యెత్తాడు. గురవమ్మ మాత్రం పళ్లెంలో తమలపాకులు సర్దుతూనే ఉంది.

మర్నాడు సాయంత్రం భవ్య కల్లానికి వెళ్లింది. దారి పొడుగునా ఏమేం తిట్టాలో పోగేసుకుంటూనే వెళ్లింది. నేలంతా ఎర్రగా ఆరబోసి ఉంది. దూరంగా త్రినాథ్ ఇటే వస్తున్నాడు. చూస్తుండగానే బాట వదిలి నేరుగా కాయల మీద కాలు పెట్టాడు. ఎండుకాయలు పటపటమని చిట్లుతున్నాయి. రైతు బిడ్డ, నడక వచ్చిన దగ్గర్నించీ ఆరబోసిన కాయ తొక్కనివాడు. పోగేసుకున్న తిట్లలో ఒక్కటీ భవ్యకి గుర్తులేదు.

"బావా, ఆగు. కాయల మీద నడుస్తున్నావు."

అతను ఉలిక్కిపడి వెనక్కి అడుగు వేశాడు. అక్కడా కాయలే. ఆమె వెళ్లి చెయ్యి పట్టుకుని బాట మీదకి తెచ్చింది.

"నాకు పక్కలు కనపడవు భవ్యా" అన్నాడు. "మధ్యలో గుండ్రంగా కొంచెం ఉంది, అంతే. గుంటూరులో చూపించుకున్నా. అది కూడా మెల్లగా మూసుకుపోతుందంట. మందు లేదంట."

అతనే మిగతాది చెప్పాడు. పెద్ద టీవీలో మధ్య ముక్కే కనపడుతుందని, చిన్నది దూరంగా పెడితే బొమ్మంతా ఆ గుండ్రంలో పడుతుందని చెప్పాడు. పెద్ద దేశంలో ఎటు చూసినా పోగొట్టుకోవడమే కనపడుతోందని, లంక అయితే చూపున్నప్పుడే కంఠతా పట్టొచ్చని, కళ్లు పోయాక వెళ్లి తిరగడానికి ఒక్క చోటైనా మిగులుతుందని చెప్పాడు. అప్పుడు తెలిసింది ఆమెకి, తను ఏ ఆట గెలిచిందో.

"డాక్టరు గారు లైటు వేసి చూసి మొదట అడిగిందేంటో తెలుసా? మీ అమ్మానాన్నలది మేనరికమా అని. తల్లి రక్తంలోనూ తండ్రి రక్తంలోనూ ఉంటేనే పిల్లలకి వస్తుందంట ఇది."

"అయితే నన్నొద్దన్నది అందుకా? నాకు పిల్లలు అక్కర్లేదు. నీ చెయ్యి పట్టుకుని నేను నడుస్తా."

"నువ్వు ఇట్టా అంటావనే ఎవరికీ చెప్పలా" అన్నాడు త్రినాథ్. "పదేళ్లకి నీకు పిల్లలు కావాలనిపిస్తే, నా మొహం చూసి ఆ మాట మింగేస్తావు. అది నాకు కనపడదు కూడా."

భవ్య ఊరుకునే మనిషా? ఆ రక్తదోషం నాలోనూ ఉంటేనే కదా పిల్లలకి భయం, లేకపోతే నిన్ను పెళ్లిపీటల మీదకి ఈడ్చుకెళ్తానని గుంటూరు వెళ్లి తనూ రక్తం ఇచ్చి వచ్చింది. ఆ రక్తం హైదరాబాదు వెళ్లి జవాబు వచ్చేదాకా ఆమె బతుకంతా ఆశే. మిల్లులో లెక్కలు తప్పింది, బస్సు దిగాల్సిన చోట దిగలేదు, గుడి కనపడితే చెప్పులు విప్పింది. జవాబు వచ్చింది. ఆ దోషం ఆమెలోనూ ఉంది. నీ కళ్లకేమీ కాదమ్మా, వేరే సంబంధం చేసుకుంటే భయపడాల్సిన పని ఉండదు, మీ బావనే చేసుకుంటే మాత్రం పుట్టే ప్రతి బిడ్డకీ సగానికి సగం ప్రమాదం అని డాక్టరు గారు నెమ్మదిగా చెప్పారు. భవ్య ఆయనకి థాంక్స్ చెప్పి, బయటికొచ్చి, ఆసుపత్రి మెట్ల మీద కూలబడి ఏడ్చింది.

గురవమ్మకి ఈ సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఆవిడే ముక్కలు ముక్కలుగా విని అతికించుకుంది. ఒకరోజు భవ్య వెళ్లేసరికి పెరట్లో పొన్నగంటి కూర ముందేసుకుని, ఆకు కోయకుండా అలాగే కూర్చుని ఉంది.

"మా పుట్టింటి నుంచి వచ్చిందంటగా" అంది. "అందరూ నా చుట్టూనే ఉండాలనుకున్నానే. వాడి కళ్లు నేనే తీసుకున్నా."

భవ్య ఆవిడ పక్కన కూర్చుని కూర బాగుచేసింది. నీ తప్పు కాదు అమ్మమ్మా అనాలనుకుంది. ఆ రోజు అనలేకపోయింది. ప్రేమగా చేసిన పనే అయినా, పోయిన కళ్లు పోయినట్టే.

ఏడాది తిరిగింది. ఎంత పోరినా, ఎంత అలిగినా త్రినాథ్ మెత్తబడలేదు. పిల్లల మాట వదిలెయ్, నీ ముందున్న దారి నా వల్ల కుదించుకుపోకూడదు అన్నాడు. పెద్ద లోకాలంటే మోజుపడ్డవాడు లంకలో ఉండిపోయి, లంక చాలన్న పిల్లని బయటికి తోశాడు. చివరికి చీరాల నుంచి ఒక సంబంధం వచ్చింది. బట్టల వ్యాపారం, ఏ వైపునా చుట్టరికం లేనివాళ్లు. అబ్బాయి మంచివాడు. భవ్య సరేనంది. అలసిపోయి అంది.

తాంబూలాలకి ముందురోజు సాయంత్రం ఆమె ఎదురింటికి వెళ్లింది. త్రినాథ్ గుమ్మం దగ్గరే ఉన్నాడు. గది చివర చిన్న టీవీ. ఆమె ఎప్పటిలా కుడిపక్కన కూర్చుంది. రెండో రిమోట్ తీసుకోలేదు.

"చూస్తావా" అని అతను కళ్లు మూసుకున్నాడు.

రేవు మెట్లు దిగాడు. ముసలాయన పలకరించాడు. రొట్టెల కొట్టు తలుపు తీసి మళ్లీ మూశాడు. గంట దగ్గర సరిగ్గా మలుపు తిరిగాడు. ఎక్కడా గోడకి తగల్లేదు, తడుముకోలేదు. లంకంతా అతని చెవుల్లో ఉంది. భవ్యకి గర్వం వచ్చింది, దాని వెనకే దుఃఖమూ వచ్చింది. ఆ లంకలో తను లేదు. ఏ మలుపులో ఏ చప్పుడు వింటే తను ఉన్నట్టు తెలుస్తుంది? నోటికి పైట కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్లు తెరిచినా అతను ముందుకే చూస్తాడు, పక్కన ఉన్నది అతనికి కనపడదు. ఆ ధైర్యంతోనే కన్నీళ్లు కారనిచ్చింది. గాజులు కూడా కదలకుండా చూసుకుంది.

త్రినాథ్ లైట్‌హౌస్ దాకా నడిచాడు. పైకి ఎక్కలేదు. కింద ఉన్న బల్ల మీద తన బొమ్మని కూర్చోబెట్టి, రిమోట్ ఒళ్లో పెట్టుకున్నాడు. గదిలో కెరటాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అతను కళ్లు తెరవలేదు, ఆమె వైపు తల కూడా తిప్పలేదు.

"ఏడువు భవ్యా" అన్నాడు. "నాకు కనపడదుగా."

ఆమె ఇక ఆపుకోలేదు. వీధి దీపాలు వెలిగి, భవ్య వాళ్లమ్మ ఎదురింటి గుమ్మంలోంచి పిలిచేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.